హోమ్ థియేటర్ కొంటున్నావని తెలిసి పెదనాన్న రాస్తున్నది

ఒరేయ్ చిన్నా,

హాల్లో హోమ్ థియేటర్ పెడుతున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది, నీ జీతంతో నువ్వే కొనుక్కుంటున్నావంటే ఎంత గర్వంగా ఉందో, కానీ 60 వేలకి ఐదు స్పీకర్లూ, కింది స్వరాలు మోగించే సబ్ ఊఫరూ ఒకే డబ్బాలో వచ్చే సెట్టు చూశావంట, అది విన్నాక నాకు నిద్ర పట్టలేదురా.

సరిగ్గా అలాంటిదే మీ నాన్న కొన్నాడు, నువ్వప్పుడు బాగా చిన్నోడివి. బోనస్ డబ్బులన్నీ పెట్టేశాడు. గుప్పెట్లో పట్టే స్పీకర్లు ఐదు, మూలన సబ్ ఊఫర్, డబ్బా మీద వేల వాట్లని రాసుంది, అదంతా పీఎంపీఓ లెక్క, అంటే ఒక్క క్షణం వచ్చే పవర్ని పెంచి రాసేది, నువ్వు మాత్రం ఆర్ఎంఎస్, అంటే నిలకడగా ఇచ్చే పవర్, ఎంతో అడుగు. సినిమా పెడితే కిటికీలు అదిరాయి, పక్కింటోళ్ళు కూడా వచ్చి చూశారు. తర్వాత మీ నానమ్మ కచేరీ పెట్టమంది. అంత చిన్న స్పీకర్లు కింది స్వరాలు పలకలేవు కదా, 150 హెర్ట్జ్ పైదాకా సబ్ ఊఫరే మోయాలి, 80 దాటితే శబ్దం ఎక్కణ్ణుంచి వస్తోందో చెవికి తెలిసిపోతుంది, దాంతో పాడే ఆయన గొంతులో బరువంతా మూలనుంచి, మిగతాది టీవీ దగ్గర్నుంచి. ఆవిడ కాసేపు విని పాత టేప్ రికార్డరే పెట్టరా అంది. పోనీ స్పీకర్లు మారుద్దామంటే వాటిని నడిపే ఆంప్లిఫయర్ డీవీడీ ప్లేయర్లోనే ఉంది, సాకెట్లు కూడా వేరే వాటికి సరిపోవు, ఆ ప్లేయర్ పోయిన రోజు అన్నీ పోయినట్టే. మళ్ళీ కొనడానికి మీ నాన్నకి మనసొప్పలేదు, పాటలు వినడమే తగ్గించేశాడు, నీకు ఎప్పుడూ చెప్పుండడు.

అందుకని ఈసారికి రెండే స్పీకర్లు కొను. సగం డబ్బు ఆ ముందు జతకే, మంచి బుక్‌షెల్ఫ్‌వి, అంటే అరలో పట్టే సైజువి, మిగతాదాంతో 5.1 ఏవీ రిసీవర్, అంటే ఐదు స్పీకర్లని నడిపి సబ్ ఊఫర్‌కి కూడా శబ్దం పంపే పెట్టె. టీవీ దగ్గర మధ్యలో పెట్టే సెంటర్ స్పీకర్ లేదని రిసీవర్ సెట్టింగ్స్‌లో పెడితే డైలాగులు రెండిట్లోంచీ సమానంగా వస్తాయి, నువ్వు మధ్యలో కూర్చుంటే తెర మీంచే మాట్లాడినట్టుంటుంది. వచ్చే ఏడు అదే సిరీస్ సెంటర్, తర్వాత సబ్ ఊఫర్, క్రాసోవర్, అంటే సబ్ ఊఫర్ ఎక్కడిదాకా మోయాలో చెప్పే హద్దు, 80 హెర్ట్జ్ దగ్గర పెట్టుకో, వెనకవి ఆఖర్న, అవి కాస్త చవకవైనా పర్లేదు. పాటలు మాత్రం స్టీరియో మోడ్‌లోనే విను, ఐదిట్లోనూ మోగించకు.

స్పీకర్ వైరు అసలు రాగిదే, 16 గేజ్ మందం చాలు, రాగి పూత అల్యూమినియం అంటగడతారు, తీసుకోకు. మీ హాలంతా టైల్సే, జంపఖానా పరిచి మందం కర్టెన్లు వెయ్యకపోతే ఎంత పెట్టి కొన్నా గోల గోలే.

ఇప్పుడు ఎర్తింగ్. అద్దె ఇల్లు కదా, త్రీ పిన్ సాకెట్ ఉన్నంత మాత్రాన ఎర్త్ ఉన్నట్టు కాదు నాయనా, ముందు ఎలక్ట్రీషియన్ని పిలిచి చూపించు, అది కానిదే డబ్బా విప్పడానికి వీల్లేదు. ఉరుములొస్తే ప్లగ్గు, టీవీ కేబుల్ రెండూ పీకెయ్. ఆఫీసులో ఉంటే? పొద్దున్నే పీకేసి వెళ్ళు.

ఈఎంఐ వద్దు. షాపుకి నీ పాటలే పెన్‌డ్రైవ్‌లో పట్టుకెళ్ళు, వాళ్ళు ఫైటింగులు చూపించి అమ్మేస్తారు. మీ నాన్నని కూడా తీసుకెళ్ళు, నాకెందుకురా అంటాడు, అయినా లాక్కెళ్ళు, వాడి చెవి నీకంటే మంచిది.

పెదనాన్న