బ్యాటరీ పైన ఎవరిని నిలబెట్టారు?

ప్రశ్న: అమెరికా ఉక్కు కర్మాగారాల్లో నల్లజాతి కార్మికులకు ఊపిరితిత్తుల క్యాన్సర్ ఎక్కువగా వచ్చేదని ఒక ఉపన్యాసంలో విన్నాను. అది వారి శరీరతత్వం వల్లనా, పని వల్లనా? మా నాన్నగారు ఇక్కడ చాలా ఏళ్లు కోక్ ఓవెన్లలో కాంట్రాక్టు పని చేశారు. ఇప్పుడు దగ్గు వదలడం లేదు.
– ఒక పాఠకురాలు, గాజువాక, విశాఖపట్నం

జవాబు: పని వల్లనే, ఇంకా కచ్చితంగా చెప్పాలంటే, ఆ పనిలో ఎవరిని ఎక్కడ నిలబెట్టారన్న దానివల్ల. కోక్ ఓవెన్లంటే బొగ్గును గాలి తగలకుండా కాల్చి, ఉక్కు కర్మాగారానికి కావలసిన కోక్‌గా మార్చే పొయ్యిలు. పక్కపక్కనే కట్టిన వాటి వరుసనే బ్యాటరీ అంటారు. ఆ బ్యాటరీ పైభాగాన రంధ్రాల మూతలు తీసి, చార్జింగ్ కారు (పైన నడిచే బొగ్గు బండి) తెచ్చిన బొగ్గు లోపల పడ్డాక మళ్లీ మూతలు బిగించే మనిషి, ఆ కాసేపూ పచ్చటి తారు పొగలోనే ఊపిరి పీల్చాలి. కాలికింద నేల ఎంతగా కాగి ఉంటుందంటే, బూట్లకు చెక్క అడుగులు వేసుకునేవారు. ఈ సంగతి మీ నాన్నగారు నాకన్నా బాగా చెప్పగలరు.

పిట్స్‌బర్గ్ ప్రాంతపు కర్మాగారాల్లో 1953లో పనిలో ఉన్న సుమారు 59,000 మంది వివరాలను ఏళ్ల తరబడి పరిశీలించిన వారిలో విలియం లాయిడ్ ఒకరు. కోక్ విభాగాన్నంతా ఒకే లెక్కలో వేసినప్పుడు ఆ జబ్బు నల్లవారిదేనన్నట్టు కనిపించింది. ఎవరు పైన, ఎవరు పక్కన, ఎవరు దూరంగా పనిచేశారో విడదీసి చూశాక, ఐదేళ్లు, అంతకు మించి పూర్తిగా పైభాగానే ఉన్నవారిలో ఊపిరితిత్తుల క్యాన్సర్ మరణాలు మామూలుగా ఉండవలసిన దానికి పదింతలని 1971లో ఆయన తేల్చారు. ఆ పైకి ఎక్కువగా పంపింది నల్లవారినే. వారు వేడిని బాగా తట్టుకుంటారన్న మాట అప్పటికే వాడుకలో ఉంది. అంతకన్నా సౌకర్యమైన నమ్మకం యాజమాన్యాలకు మరొకటి దొరకదు.

మరి వేరే విభాగానికి మారిపోలేదేమని మీకు అనిపించవచ్చు. సీనియారిటీని విభాగంవారీగా లెక్కించేవారు గనుక, మారిన మనిషి పాత సర్వీసు వదులుకుని అట్టడుగు నుంచి మొదలుపెట్టాలి. 1974లో ప్రభుత్వం, తొమ్మిది కంపెనీలు, కార్మిక సంఘం కుదుర్చుకున్న కోర్టు ఒప్పందంతో సీనియారిటీని కర్మాగారం మొత్తానికి లెక్కించడం మొదలైంది. పాత నష్టానికి 3 కోట్ల డాలర్లకు పైగా చెల్లించడానికి ఒప్పుకున్నారు. ఓవెన్ల పొగకు పరిమితి విధించిన నిబంధన 1976లో గాని రాలేదు.

మీ నాన్నగారిని పెదవాల్తేరు ఛాతీ ఆసుపత్రికి తీసుకువెళ్తే, బీడీ సిగరెట్ల సంగతి డాక్టర్లు ఎలాగూ అడుగుతారు. బ్యాటరీ పైన ఎన్నేళ్లు పనిచేశారో మాత్రం మీరే చెప్పి, చీటీలో రాయించండి.