పాత సిల్వరాడోకి ఎగ్జాస్ట్ మార్చేముందు మ్యానిఫోల్డ్ బోల్టులు చూడండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ: 2004 షెవర్లే సిల్వరాడో 1500 పికప్ ట్రక్కు, 5.3 లీటర్ల వీ8 ఇంజన్, ఎక్స్‌టెండెడ్ క్యాబ్. ఉండేది డాలస్ పక్కన కాలిన్ కౌంటీలో. మఫ్లర్ (సైలెన్సర్) తుప్పుపట్టి చిల్లు పడింది. పొద్దున స్టార్ట్ చేయగానే టిక్ టిక్‌మని చప్పుడు వస్తోంది, బండి వేడెక్కాక పోతోంది. ఎలాగూ మఫ్లర్ మార్చాలి కాబట్టి హెడర్లు (ఇంజన్ నుంచి పొగని పోగుచేసే మ్యానిఫోల్డ్ బదులు వేసే విడివిడి గొట్టాలు), ట్రూ డ్యూయల్ పైపులు (ఇంజన్ రెండు వైపులకీ వేరువేరు పైపులు) వేయించాలా, క్యాటలిటిక్ కన్వర్టర్లు (పొగలోని విషవాయువుల్ని తగ్గించే డబ్బాలు) తీసేస్తే పవర్ పెరుగుతుందన్న మాట నిజమేనా అని అడిగారు.

నాదీ అదే తరం బండి, 2003ది, ఇంజన్ కూడా అదే. మ్యానిఫోల్డ్ గ్యాస్కెట్ దగ్గర్నుంచి వెనక పైపు కొస దాకా అన్నీ మార్చాను. కొంత పని ఇంటి గరాజ్‌లో చేసుకున్నాను, కొంత వెల్డింగ్ షాపులో చేయించాను. ఆ అనుభవంతో చెబుతున్నాను: ఖర్చు ఇంజన్ వైపు నుంచి మొదలుపెట్టి వెనక్కి రండి. ముందు లీకు అలాగే ఉంచి వెనక ఎంత ఖరీదైన మఫ్లర్ తగిలించినా ఆ బండి బాగుపడదు.

మీరు చెప్పిన టిక్ టిక్ దాదాపు కచ్చితంగా మ్యానిఫోల్డ్ లీకే. ఈ ఇంజన్లలో ఎగ్జాస్ట్ మ్యానిఫోల్డ్ పోత ఇనుము, సిలిండర్ హెడ్ అల్యూమినియం. వేడికి రెండూ ఒకేలా సాగవు. ఏళ్ల తరబడి వేడెక్కి చల్లారేసరికి చివరి బోల్టులు, ముఖ్యంగా క్యాబ్ వైపు ఉన్నవి, తల తెగి పడిపోతాయి. చల్లగా ఉన్నప్పుడు ఆ సందులోంచి గ్యాస్ కొడుతుంది, ఇనుము వేడికి సాగాక సందు మూసుకుపోతుంది. అందుకే చప్పుడు కాసేపటికి ఆగిపోతుంది. ముందు చక్రం పక్కనుంచి టార్చి వేసి చూడండి. బోల్టు తల ఉండాల్సిన చోట ఖాళీ రంధ్రం కనబడుతుంది, దాని చుట్టూ హెడ్ మీద మసి నల్లగా పట్టి ఉంటుంది. అయితే ఇదే ఇంజన్లలో చల్లగా ఉన్నప్పుడు పిస్టన్ల చప్పుడు కూడా వస్తుంది, కాబట్టి ఒక్క చెవినే నమ్ముకోకండి. ఇంజన్ చల్లారాక షాప్ వాక్యూమ్‌ని గాలి ఊదే వైపు వెనక పైపుకి పెట్టి, సందుల్లో గుడ్డ కుక్కి, సబ్బునీళ్లు జాయింట్ల మీద చల్లండి. ఎక్కడ బుడగలు లేస్తే అక్కడ లీకు. నా బండికి కుడివైపు చివరి బోల్టు దగ్గర నురగ పొంగింది. మఫ్లర్ చిల్లు అప్పటికి చిన్న విషయం అయిపోయింది.

లీకుని పట్టించుకోవాల్సింది ఒక్క చప్పుడు కోసమే కాదు. కన్వర్టర్‌కి ముందున్న ఆక్సిజన్ సెన్సర్ దాటకముందే బయటి గాలి లోపలికి చేరితే, కంప్యూటర్ పెట్రోలు చాలడం లేదనుకుని ఇంకా ఎక్కువ పోస్తుంది. మైలేజీ పడిపోతుంది, కన్వర్టర్లు త్వరగా పాడవుతాయి. పైగా కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ వాసనా ఉండవు. ఫైర్‌వాల్ (ఇంజన్‌కీ క్యాబ్‌కీ మధ్య గోడ) పక్కన లీకవుతున్న బండిలో పిల్లల్ని కూర్చోబెట్టుకుని తిరగడం నాకు ఏమాత్రం నచ్చదు.

విరిగిన బోల్టు ముక్క కాస్తయినా బయటికి పొడుచుకొని ఉంటే దాని మీద నట్టు పెట్టి వెల్డ్ చేయించి తిప్పితే వచ్చేస్తుంది. ఆ వెల్డింగ్ వేడికే పాత మర వదులవుతుంది. లోపలే తెగిపోతే డ్రిల్ చేయాలి. అల్యూమినియం హెడ్‌లో డ్రిల్ పక్కకి జారిందంటే కథ మళ్లీ మొదటికొస్తుంది, కాబట్టి ఆ పని చేయి తిరిగిన మెకానిక్‌కే ఇవ్వండి. అంత ఖర్చు వద్దనుకుంటే హెడ్ చివర ఉండే ఖాళీ మర రంధ్రానికి బిగించి, మ్యానిఫోల్డ్‌ని నొక్కి పట్టే క్లాంపులు దొరుకుతాయి. పాత బండికి అది గౌరవంగా పనిచేసే పరిష్కారమే. కొత్త బోల్టులు బిగించేటప్పుడు మధ్యలోంచి మొదలుపెట్టి చివరలకి వెళ్లండి, ముందు 11 పౌండ్-అడుగులు, తర్వాత 18. బలం ఉంది కదా అని అంతకు మించి బిగించకండి.

ఇక కన్వర్టర్ల సంగతి. తీయకండి. క్లీన్ ఎయిర్ యాక్ట్ ప్రకారం అది చట్టవిరుద్ధం. టెక్సస్‌లో మామూలు బండ్లకు సేఫ్టీ ఇన్‌స్పెక్షన్ 2025 జనవరితో పోయింది కానీ కాలిన్, డెంటన్, డాలస్, టారంట్ లాంటి కౌంటీల్లో ఎమిషన్స్ పరీక్ష అలాగే ఉంది, 2 నుంచి 24 ఏళ్ల వయసున్న పెట్రోలు బండ్లకి అది తప్పదు. కన్వర్టర్ లేకపోతే వెనక సెన్సర్ పట్టేస్తుంది, పీ0420, పీ0430 కోడ్‌లు వచ్చి చెక్ ఇంజన్ లైట్ వెలుగుతుంది, పరీక్ష తప్పుతుంది. లైటు ఆర్పడానికి ముందురోజు కోడ్ చెరిపేసి వెళ్లినా లాభం లేదు. బండి కంప్యూటర్ తన స్వీయ పరీక్షలు (మానిటర్లు) ఇంకా పూర్తి చేయలేదని వెనక్కి పంపుతారు. చట్టం మాట పక్కన పెట్టినా, మంచి స్థితిలో ఉన్న కన్వర్టర్ ఈ ఇంజన్‌కి పెద్ద అడ్డంకి కాదు. రబ్బరు సుత్తితో మెల్లగా తట్టి చూడండి. లోపల గలగలమంటే తేనెపట్టు లాంటి పింగాణీ విరిగిపోయినట్టు, అప్పుడు మాత్రం కొత్తది వేయించాలి.

హెడర్లు మీకు అక్కర్లేదు. మిగతావన్నీ అలాగే ఉంచి హెడర్లు ఒక్కటే మారిస్తే రోజువారీ నడకలో పెద్దగా తెలియదు, కొత్త గ్యాస్కెట్లు, కొత్త లీకులు మాత్రం ఇంటికొస్తాయి. ట్రూ డ్యూయల్ కూడా వద్దంటాను. ఈ బండికి పెట్రోలు ట్యాంకు డ్రైవర్ వైపు ఉంటుంది, కంపెనీ పైపు అందుకే కుడివైపు నుంచి పోతుంది. రెండో పైపుని ట్యాంకు పక్కనుంచి పంపడం, దానికి హీట్ షీల్డ్ కట్టడం, అంత తంటా దేనికి? పైపు లావయ్యే కొద్దీ మంచిదన్న మాటా సరికాదు. మరీ లావైతే గ్యాస్ వేగం తగ్గి, తక్కువ ఆర్‌పీఎంలో లాగే బలం మందగిస్తుంది. మార్పులు చేయని 5.3కి 3 అంగుళాల సింగిల్ పైపు బాగా సరిపోతుంది.

అంటే మీకు కావాల్సింది క్యాట్‌బ్యాక్, కన్వర్టర్ల తర్వాత నుంచి వెనక కొస దాకా. పవర్ కోసం అనుకోకండి, వచ్చేది కొద్ది హార్స్‌పవర్, సీట్లో కూర్చుంటే తెలియదు. మారేది చప్పుడు. ఆ చప్పుడు ఎలా ఉండాలన్నది ఇంటి ముందు స్టార్ట్ చేసి, యాక్సిలరేటర్ తొక్కి తేల్చుకునేది కాదు. మీరు రోజూ వెళ్లేది హైవే మీద, గంటకు 70 మైళ్ల దగ్గర. 3.73 యాక్సిల్ నిష్పత్తి, టాప్ గేరైన ఓవర్‌డ్రైవ్‌తో అప్పుడు ఇంజన్ దాదాపు 2,000 ఆర్‌పీఎంలో ఉంటుంది. డ్రోన్ అనే ఏకధాటి హోరు వచ్చేదీ సరిగ్గా అక్కడే. క్యాబ్ అంతా ఒకే మంద్రస్థాయిలో హోరుమంటుంది. రేడియో వినబడదు, పక్కసీట్లో ఉన్నవాళ్లకి తలనొప్పి వస్తుంది. వీధిలో వింటే ఒళ్లు పులకరించే మఫ్లర్ అరగంట ప్రయాణంలో హింసగా మారడం స్నేహితుల బండ్లలో స్వయంగా చూశాను.

లోపల గదులుగా విభజించిన పొట్టి ఛాంబర్ మఫ్లర్లలో ఈ బెడద ఎక్కువ. నేను లోపల చిల్లుల గొట్టం, చుట్టూ ప్యాకింగ్ ఉండే స్ట్రెయిట్ త్రూ రకంలో, పట్టినంత పొడవుది తీసుకున్నాను. మఫ్లర్ పొడవుగా ఉంటే మంద్రపు మోత బాగా తగ్గుతుంది. ఎక్కేటప్పుడు వీ8 గొంతు వినిపిస్తుంది, క్రూజ్‌లో పెట్టాక మా ఆవిడ వెనక సీట్లో నిద్రపోతుంది. కొన్నాక కూడా డ్రోన్ ఉంటే ఓ దారి ఉంది: మఫ్లర్ తర్వాత పైపుకి కొస మూసేసిన కొమ్మ పైపు వెల్డ్ చేయిస్తారు. 2,000 ఆర్‌పీఎం దగ్గర వీ8 పేలుళ్లు సెకనుకు సుమారు 133. వేడి గ్యాస్‌లో ధ్వని వేగంతో లెక్కిస్తే కొమ్మ పొడవు 3 అడుగుల దగ్గర వస్తుంది. ఆ ఒక్క స్వరాన్నే అది మింగేస్తుంది, మిగతా గొంతు ఉంటుంది.

లోహం విషయంలో మీరు టెక్సస్‌లో ఉన్నారు కాబట్టి అల్యూమినైజ్డ్ స్టీల్ కూడా చాలా ఏళ్లు వస్తుంది. మిషిగన్‌లోనో ఒహాయోలోనో ఉండి, చలికాలం ఉప్పు చల్లిన రోడ్ల మీద తిరిగే బండి అయితే స్టెయిన్‌లెస్సే కొనమనేవాణ్ని. 409 రకానికి పైపైన తుప్పు రంగు వస్తుంది, భయపడకండి. 304 మెరుపు పోదు, ధర బాగా ఎక్కువ. కిట్ కొనేటప్పుడు మోడల్ పేరొక్కటే చూసి ఆర్డర్ పెట్టకండి, వీల్‌బేస్ సరిచూసుకోండి. ఎక్స్‌టెండెడ్ క్యాబ్, షార్ట్ బెడ్ (వెనక సామాను తొట్టి పొట్టిది) అయితే 143.5 అంగుళాలు. లోకల్ షాపులో చేయిస్తే మాండ్రెల్ బెండ్ (పైపు లోపల కడ్డీ పెట్టి, నొక్కుకుపోకుండా వంచడం) చేస్తారా అని అడగండి. మామూలు బెండర్‌తో వంచితే మలుపు దగ్గర పైపు నొక్కుకుపోయి సన్నబడుతుంది.

మీరే చేసుకుంటే ముందు స్పేర్ టైరు దించేయండి, వెనక చేతికి బోలెడు చోటు వస్తుంది. పాత నట్లకి పెనెట్రేటింగ్ ఆయిల్ ముందురోజు రాత్రే కొట్టి ఉంచండి. రబ్బరు హ్యాంగర్లకి సబ్బునీళ్లు రాస్తే సులువుగా జారతాయి. బండిని జాకీ మీద వదిలి కిందికి దూరకండి, స్టాండ్లు పెట్టండి. యూ-బోల్టు క్లాంపులు పైపుని నొక్కేస్తాయి, రేపు విప్పాలంటే కోయాల్సిందే, అందుకని పైపు చుట్టూ వెడల్పు పట్టీలా బిగిసే బ్యాండ్ క్లాంపులు వాడండి. పైపు కొస బెడ్ దాటి బయటికి రావాలి, ఇరుసు ముందే ఆపేస్తే పొగ కిందే సుడి తిరిగి క్యాబ్‌లోకి చేరుతుంది.

అన్నీ వదులుగా తగిలించి, స్పేర్ టైరు మళ్లీ ఎక్కించి, పైపుకీ టైరుకీ షాక్‌కీ మధ్య వేళ్లు దూరేంత సందు ఉందో లేదో చూశాకే ముందు నుంచి వెనక్కి బిగించుకుంటూ రండి. నాలుగైదు సార్లు బాగా వేడెక్కి చల్లారాక మళ్లీ ఒకసారి క్లాంపులన్నీ బిగించండి. మ్యానిఫోల్డ్ దగ్గర టార్చి వేసి చూశాక ఎన్ని బోల్టులు పోయాయో ఇక్కడే రాయండి, క్లాంపుతో సరిపోతుందా, షాపుకి ఇవ్వాలా అన్నది అప్పుడు చెబుతాను.