స్టెంట్ వేశాక డార్క్ చాక్లెట్ తినవచ్చా?

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్కారం. మేము బెంగళూరు మారతహళ్లిలో మా అబ్బాయి దగ్గర ఉంటున్నాం. మా వారికి 63 ఏళ్లు. నిరుడు గుండెకు స్టెంట్ వేశారు. బీపీ మాత్ర కూడా వాడుతున్నారు. అప్పటి నుంచి మైసూరుపాకు, లడ్డు ముట్టడం లేదు కానీ, రాత్రి భోజనం కాగానే డార్క్ చాక్లెట్ సగం బారు తింటారు. ఇదేమిటని అడిగితే గుండెకు మంచిదని పేపర్లో రాశారంటారు. తెచ్చిపెట్టేది మా కోడలు. నిజంగా మంచిదేనా?
- ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, మైసూరుపాకు మానిన మనిషిని మెచ్చుకోవలసిందే. కాకపోతే ఆయన మిఠాయి మానలేదు, మార్చారంతే.

ఆయన మాటలో బొత్తిగా పస లేదని అనను. కోకో గింజలో ఫ్లావనాల్స్ అనే పదార్థాలు ఉంటాయి. వాటివల్ల రక్తనాళాల లోపలి పొర నైట్రిక్ ఆక్సైడ్‌ను ఎక్కువగా తయారుచేస్తుంది, నాళాలు కాస్త సడలి బీపీ తగ్గుతుంది. ఎంత? వైద్య పరిశోధనలను జల్లించి చూసే కోక్రేన్ సంస్థ 2017 నాటి సమీక్ష ప్రకారం సగటున 2 పాయింట్ల లోపే. ఆయన వేసుకునే మాత్ర ముందు అదెంత!

పేపర్లో వచ్చింది బహుశా కోకో సారం మీద అమెరికాలో జరిగిన కాస్మోస్ అనే అధ్యయనం గురించి అయి ఉంటుంది. 60 దాటిన మగవారు, 65 దాటిన ఆడవారు 21 వేల మందికి పైగా పాల్గొన్నారు. ఫలితాలు 2022లో వచ్చాయి. గుండె, రక్తనాళాల సమస్యలన్నీ కలిపి చూస్తే నమ్మదగినంత తేడా తేలలేదు. ఆ జబ్బులతో మరణాలు మాత్రం 27 శాతం తక్కువగా కనిపించాయి. పేపర్లకు ఎక్కేది ఈ రెండో ముక్కే. పైగా వారికి రోజూ ఇచ్చింది 500 మిల్లీగ్రాముల ఫ్లావనాల్స్ ఉన్న క్యాప్సూల్స్. అందులో చక్కెరా లేదు, వెన్నా లేదు. ఖర్చులో కొంత భరించింది చాక్లెట్లు చేసే మార్స్ సంస్థ అన్న సంగతి కూడా నేను మరిచిపోను.

బారు సంగతి వేరు. గింజలను పులియబెట్టి వేయించేసరికే ఫ్లావనాల్స్ చాలా పోతాయి. చేదు విరగడానికి క్షారం కలిపితే మిగిలినవి కూడా చాలావరకు నశిస్తాయి. ఆ క్షారంతోనే కోకో ఇంకా నల్లబడుతుంది, కాబట్టి నలుపు చూసి మురిసిపోనక్కరలేదు. 70 శాతం అని రాసి ఉన్నా ఆ లెక్కలో కోకో వెన్న కూడా కలిసే ఉంటుంది.

ఈసారి ఆ రేపరు వెనక్కి తిప్పి చదవండి. ఏది ఎక్కువ బరువుంటే దాని పేరు ముందు వేస్తారు. ఆ చిన్న అక్షరాల్లో అన్నిటికంటే ముందు చక్కెర కనిపిస్తే వాదన అక్కడికి చెల్లు. జయనగర్‌లో మా ఇంటి పక్క దుకాణంలో డార్క్ అని బంగారు అక్షరాలు వేసుకున్న వాటిలోనూ ఇలాంటివి చూశాను. 50 శాతం కోకో ఉన్న 100 గ్రాముల బారయితే, ఆయన తినే సగంలోనే ఐదారు చెంచాల చక్కెర ఉండవచ్చు. మధుమేహం ఉందో లేదో మీరు రాయలేదు. ఉంటే ఈ అలవాటు రేపటికి కూడా ఉంచకండి.

రాత్రిపూట తినడం నాకు మరీ నచ్చలేదు. చాక్లెట్ కొందరిలో అన్నవాహిక కింది కవాటాన్ని వదులు చేస్తుంది. పడుకోగానే ఆమ్లం పైకి తన్ని ఛాతీలో మంట పుడుతుంది. స్టెంట్ ఉన్న మనిషికి అర్ధరాత్రి ఆ మంట వస్తే ఇంటిల్లిపాదికీ నిద్ర ఉండదు. అలాగని మంటను చాక్లెట్ ఖాతాలో వేసి ఊరుకోవద్దు. ఛాతీ బిగిసినా, చెమటలు పట్టినా, చెయ్యో దవడో లాగినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

మధుమేహం లేకపోతే, 70 శాతం పైబడిన చాక్లెట్ చిన్న ముక్క, పది గ్రాములకు మించకుండా, మధ్యాహ్నం భోజనమయ్యాక తిననివ్వండి. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చిన మాత్రలు, కొలెస్ట్రాల్ మాత్ర ఒక్క పూట కూడా తప్పకూడదు. కోడలిని చిన్న బారు కొనమనండి, డబ్బా మీ దగ్గర పెట్టుకోండి.