పితూరీ అంటే చాడీయేనా?

సందేహం: మాస్టారికి నమస్కారం. మా అబ్బాయి, వాడి స్నేహితులు కలిసి ‘బాటిల్‌స్టార్ గెలాక్టికా’ అనే అమెరికన్ టీవీ సీరియల్‌కి సరదాగా తెలుగు సబ్‌టైటిల్స్ రాస్తున్నారు. కథంతా అంతరిక్షంలో జరుగుతుంది. మనుషులు తయారుచేసిన సైలాన్లనే యంత్రజాతి మనుషుల్నే తుడిచిపెట్టేస్తే, మిగిలినవాళ్ళు కొన్ని ఓడల్లో పారిపోతుంటారు. చివరి సీజన్లో, ఆ సైలాన్లలోనే ఒక వర్గంతో పొత్తుకి దళపతి అడామా ఒప్పుకుంటాడు. అది మింగుడుపడక గేటా అనే కుంటి లెఫ్టినెంటు, జారెక్ అనే ఉపాధ్యక్షుడు చేతులు కలిపి ఓడని పట్టుకుంటారు. ఎంతోసేపు నిలబెట్టుకోలేరు. ఇద్దరినీ తుపాకులతో కాల్చి చంపుతారు. ఆ తర్వాతి ఎపిసోడ్ పరిచయానికి మావాడు ‘విప్లవ వైఫల్య తదనంతర పరిణామాలు’ అని రాశాడు. ‘తిరుగుబాటు’ అనమన్నాను నేను. నర్సీపట్నంలో పుట్టి పెరిగిన మా నాన్నగారైతే ‘పితూరీ’ అనేవారు. పితూరీ అంటే చాడీ కదమ్మా అని నవ్వుతాడు మావాడు. ఏది ఒప్పు? ఇంకొకటి, కాల్చి చంపడాన్ని ‘ఉరితీత’ అని రాయొచ్చా?
— ఒక పాఠకురాలు, సీతమ్మధార, విశాఖపట్నం

సమాధానం: రెండోదానితో మొదలుపెడతానమ్మా, చిటికెలో తేలిపోతుంది. ఉరి అంటే తాడుకి వేసిన ముడి. తాడు లేనిచోట ఉరి లేదు. మరణశిక్ష అనగానే ఉరి అని రాసెయ్యడం పత్రికలు మనకి చేసిన అలవాటు. పోయేది తూటాలతో అయితే ‘కాల్చి చంపారు’ అనండి, చాలు. ‘కాల్చివేతకు గురిచేయబడ్డారు’ అని మాత్రం రాయనివ్వకండి. ఆ మనిషి ఒక్కసారి చావాలి గాని వాక్యంలో మూడుసార్లు చావకూడదు.

ఇక అసలు సంగతి. మీ అబ్బాయి రాసిన ‘విప్లవం’ ఇక్కడ చెల్లదు. చెల్లదని కొట్టిపారేసే ముందు ఆ మాటలో ఒక ఓడ దాగి ఉందని అతనికి చెప్పండి, సంతోషిస్తాడు. ప్లవం అంటే తెప్ప. 2021 ఉగాదికి వచ్చిన సంవత్సరం పేరు అదే. ‘ఉడుపం తు ప్లవః కోలః’ అని అమరకోశం. ‘వి’ చేరితే చెల్లాచెదరు కావడం, అల్లకల్లోలం. ‘డింబే డమరవిప్లవౌ’ అని అదే అమరంలో మరోచోట ఉంది. ఓడ లేనివాడు అనే అర్థం కూడా సంస్కృత నిఘంటువులు చూపిస్తాయి. కానీ ఈనాటి తెలుగులో విప్లవమంటే సమాజం తలకిందులు కావడం. మొత్తం వ్యవస్థనే మార్చేద్దామని గేటా అనుకోలేదు. మునుపున్నట్టే ఉండాలనీ, శత్రువుని ఇంట్లోకి రానివ్వకూడదనీ అతని గోల. దాన్ని విప్లవం అంటే ఎలా? అయినా బట్టల సబ్బునీ బ్యాంకు యాప్‌నీ కూడా విప్లవాత్మకం అంటున్న రోజుల్లో నా మాట ఎవరు వింటారు?

మీరన్న ‘తిరుగుబాటు’ నికార్సయిన మాట. తడబాటు, ఎడబాటు, కట్టుబాటు వరసలోది. అందులో తప్పేమీ లేదు. చిక్కల్లా దాన్ని వాడివాడి పలచన చేశాం. ఎన్నికల టికెట్టు దక్కనివాడు ప్రెస్‌మీట్ పెడితే అదీ తిరుగుబాటే, కోడలు వేరు కాపురం పెడతానంటే అదీ తిరుగుబాటే. ఆయుధం పట్టి, ప్రమాణం చేసి కొలువులో చేరినవాడు తన పైవాడి మీదే ఆ ఆయుధం ఎత్తడం వేరు. ఆ తేడా పట్టిచూపే మాట కావాలంటే మీ నాన్నగారి దగ్గరికే రావాలి.

పితూరీ. ఈ మాట కోసం నేను చాలా ఏళ్ళుగా తిరుగుతున్నాను. ఎవరైనా అడిగితే బాగుండునని చూస్తున్నాను కూడా, కాబట్టి కాస్త ఓపిక పట్టండి.

పుట్టుక అరబీలో. అక్కడ ‘ఫుతూర్’ అంటే సడలిపోవడం, వేడి తగ్గడం, నీరసం. అదే ధాతువు నుంచి వచ్చిన ‘ఫాతిర్’ అంటే గోరువెచ్చన. అంటే మొదట్లో ఈ మాటకి కత్తీ లేదు, కోపమూ లేదు. పొయ్యి మీంచి దించిన నీళ్ళు చల్లారుతున్నాయి, అంతే. అది పారసీ మీదుగా హిందుస్తానీలోకి వచ్చి ‘ఫితూర్’ అయ్యేసరికి అర్థం ముదిరింది. నీరసం కాస్తా లోపమైంది, లోపం గొడవైంది, గొడవ రాజ్యం మీద కుట్ర అయింది. ఇప్పటికీ హిందీవాళ్ళు ‘దిమాగ్ కా ఫితూర్’ అంటే బుర్రలో దూరిన పిచ్చి. మరాఠీలో సాక్షి ఫితూర్ అయ్యాడంటే అవతలి పక్షానికి అమ్ముడుపోయాడని. కన్నడంలో పితూరి అంటే కుట్ర, వాళ్ళ పేపర్లలో రోజూ కనిపించేదే. ఇంతమంది పెంచిన బిడ్డని మనవాళ్ళు తీసుకెళ్ళి మన్యంలో నిలబెట్టారు.

1879 మార్చిలో గోదావరి మన్యంలోని రంపలో ముత్తాదార్లు, అంటే కొండ ఊళ్ళ మీద పెత్తనం ఉన్నవాళ్ళు, లేచారు. తాటిచెట్లు, జీలుగుచెట్లు గీసుకునే హక్కు మీద వేసిన చిగురుపన్ను దానికి ఒక కారణం. చూస్తుండగానే అది అప్పటి మన విశాఖ జిల్లా గూడెం కొండల్లోకి పాకింది. దానిపేరు రంప పితూరీ. ఇంగ్లీషు దొరలకి తమ భాషలో కావలసినన్ని మాటలున్నా, గెజెటీర్లలో మన మాటనే తీసుకుని ‘ఫితూరీ’ అనే రాసుకున్నారు. తర్వాత 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి పోలీస్ స్టేషన్ మీద పడింది. మర్నాడు కృష్ణదేవిపేట, ఆ మర్నాడు రాజవొమ్మంగి. 1924 మేలో కొయ్యూరు దగ్గర ఆయన్ని చంపేదాకా సాగింది కూడా ఆ జిల్లా జనం నోట పితూరీయే.

ఒకసారి చింతపల్లి సంతలో టీ తాగుతూ పక్కన కూర్చున్న ముసలాయన్ని వయసడిగాను. ఆయన అరచెయ్యి మోకాలి దగ్గర పెట్టి, ‘‘పితూరీ నాటికి మా అయ్య ఇంత గుంటడు బాబూ’’ అన్నాడు. నేనడిగింది ఆయన వయసు, చెప్పింది వాళ్ళ నాన్నది. కానీ ఏ పితూరీ అని నేను అడగలేదు, ఆయనా చెప్పలేదు. ఆ కొండల్లో అదొక తేదీ. ఆ చెయ్యి చాలాసేపు మోకాలి దగ్గరే ఉండిపోయింది.

మరి చాడీ ఎలా అయింది? మీవాడి నవ్వులో న్యాయం లేకపోలేదు. మా మనవరాలు కూడా రోజుకి రెండుసార్లు ‘‘తాతా, అన్నయ్య నామీద పితూరీలు చెబుతున్నాడు’’ అంటుంది. కుట్ర అనగానే చెవిలో గుసగుస తప్పదు కాబట్టి, రాజ్యం పోయినా గుసగుస మిగిలిందని ఒక ఊహ. ‘ఫిర్యాదు’తో కలగాపులగం అయిందని మరో ఊహ. అది ‘మొర’ అనే అర్థమున్న పారసీ మాట, దీనికి చుట్టం కాదు, కానీ ఫకారంతో మొదలయ్యే సర్కారు కచేరీ మాటలన్నీ జనం చెవికి ఒక్కలాగే వినిపిస్తాయి. నా మొగ్గు మొదటిదానికే. అయితే కోర్టులో ప్రమాణం చెయ్యమంటే చెయ్యను.

మీ ఉత్తరం పుణ్యమా అని ఆ ఎపిసోడ్లు నేనూ చూశాను. 2009లో వచ్చినవట. పక్కింట్లో ఉండే నేవీ రిటైర్డ్ ఆఫీసరుగారు కూడా వచ్చి కూర్చున్నారు. ఆయన చూపంతా ఎవరు ఏ తలుపు దగ్గర కాపలా ఉన్నారన్న దానిమీదే. నా చెవి మాత్రం రెండు చోట్ల నిక్కబొడుచుకుంది. గేటాకి తెగిన కాలు కథ పొడుగునా దురద పెడుతూనే ఉంటుంది. తుపాకులు గురిపెట్టాక, పేలే ముందు అతననే ఆఖరి మాట ‘ఆగిపోయింది’. ఆ దురద సంగతి. తగ్గడం, సడలడం, ఆగడం, అరబీ ఫుతూర్ అంటే అదే కదా! పితూరీ చేసినవాడి నోట పితూరీ తాలూకు పుట్టుమాట వచ్చిందని నేను గట్టిగా అంటే, ఆఫీసరుగారు టీవీ సౌండ్ పెంచారు.

రెండోది బీట. గొడవ జరుగుతుండగా ఓడని కదలనివ్వకూడదని టిరోల్ అనే పెద్ద మెకానిక్కు ఇంజను గదిలోకి పాక్కుంటూ వెళ్ళి ఇంజన్‌ని ఆపేస్తాడు. అక్కడ గోడ నిలువునా బీటలువారి కనిపిస్తుంది. పితూరీ అణిగాక చూస్తే ఓడంతా అదే వరస. చివరికి ఆ బీటల్లో పూయడానికి సైలాన్ల జిగురే వాడాల్సి వస్తుంది. ఎవరిని ఓడలోకి రానివ్వకూడదని అంత రక్తం పారిందో వాళ్ళ జిగురే! ఇప్పుడు వినండి. అరబీలో మరో ‘ఫుతూర్’ ఉంది. అందులో తకారం వేరు, నాలుక బరువు చేసి పలకాలి. దానర్థం పగుళ్ళు, బీటలు. మనం రంజాన్‌లో వినే ‘ఇఫ్తార్’ ఈ రెండో ధాతువుదే, ఉపవాసాన్ని విరవడం. మన చెవికి ఆ రెండు తకారాలూ ఒకటే. నిఘంటువులు మన పితూరీని మొదటి ఫుతూర్ ఖాతాలోనే వేస్తాయి, వాటిని కాదనే ధైర్యం నాకు లేదు. కానీ ఆ ఇంజను గది గోడ చూశాక ఆ రాత్రి రెండోదాని మీదికే మనసు పోయింది. బీట వారందే పితూరీ పుడుతుందా?

మన ఊరి సంగతి కూడా ఒకటి చెప్పాలి, లేకపోతే సీతమ్మధారలో ఉండి ఇది తెలియదా అని నన్నే అంటారు. 1780 అక్టోబరు 3న విశాఖలో కంపెనీ సిపాయిలు ఎదురుతిరిగారు. హైదరలీతో యుద్ధానికి సముద్రం మీద మద్రాసు వెళ్ళమంటే ఓడ ఎక్కం అన్నారు. తెల్ల అధికారులు కొందరు అక్కడే చచ్చిపోయారు. 1857కి అది డెబ్బై ఏడేళ్ళ ముందు మాట. తర్వాత 1946 ఫిబ్రవరి 18న బొంబాయిలో ‘తల్వార్’ అనే నౌకాదళ కేంద్రంలో నావికులు పనిమానేస్తే ఆ సెగ మన రేవుకీ తగిలింది. ఆ గొడవలో తిండి సంగతి ముందు వరసలో ఉండేది. ఈ మాట నేనంటే ఆఫీసరుగారు, ‘‘మాస్టారూ, పప్పులో నీళ్ళెక్కువైన రోజున మెస్‌లో గొంతులు తగ్గుతాయి. అది విని జాగ్రత్తపడాలి’’ అన్నారు. గొంతులు పెరుగుతాయనుకున్నాను నేను. తగ్గుతాయట.

ఇంతకీ తీర్పు. ‘తిరుగుబాటు’ అని రాస్తే ఎవరూ వేలెత్తి చూపరు, రాష్ట్రమంతా అర్థమవుతుంది. ‘పితూరీ’ అని రాస్తే మన జిల్లాలవాళ్ళు తలూపుతారు, మిగతావాళ్ళలో కొందరు ఎవరు ఎవరి మీద చాడీ చెప్పారా అని వెతుక్కుంటారు. కాబట్టి ఒట్టి పితూరీ కాకుండా ‘ఓడ మీద పితూరీ’ అనిపించండి, చాడీ ఊసు రాదు. ఒక మెలిక మాత్రం ఉంది. పితూరీ అనే మాట ఎక్కువగా అణిచినవాడి కాగితాల్లోంచి వచ్చింది. అడామా నోట అది చక్కగా అతుకుతుంది. గేటా తన పనిని తను పితూరీ అనుకుంటాడా? అనుకోడు. అతని మాటల్లో వచ్చినచోట ‘ఎదురుతిరిగాం’ అని రాయించండి. అయితే ఆ చింతపల్లి ముసలాయన పితూరీ అన్నప్పుడు గొంతులో తప్పు చేశామన్న జంకు ఇసుమంతైనా లేదు. అందుకే ఈ మెలికని శాసనం చెయ్యలేకపోతున్నాను.

‘తదనంతర పరిణామాలు’ మాత్రం తప్పకుండా కొట్టెయ్యాలి. తదనంతరం, పరిణామం రెండూ ఒకేచోట ఎందుకు? గాలివాన వెలిశాక అంటాం, జ్వరం దిగాక అంటాం. అలాగే ‘పితూరీ చల్లారాక’ అని రాయమనండి. చల్లారడమే ఆ మాట పుట్టినప్పటి అర్థమని మీవాడికి ఇప్పుడు తెలుసు కాబట్టి, రాస్తూ కొంచెం నవ్వుకోవచ్చు.

పోతే, మీ నాన్నగారు ‘పితూరీ’ అని దీర్ఘం తీసేవారా, ‘పితురీ’ అని కురచగా అనేవారా? నర్సీపట్నం వైపు రెండూ విన్నాను. గుర్తుంటే ఒక కార్డు ముక్క రాయండి.