ఉబుంటును మార్చి సొంత పేరుతో అమ్మొచ్చా? అమ్మొచ్చు, కానీ సోర్స్ ముందే సర్దుకోండి

అన్నా, కావలిలో పాత కంప్యూటర్లు బాగుచేసి అమ్ముతున్నామన్నారు. ఉబుంటులో (ఉచితంగా దొరికే లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్) తెలుగుకు కావాల్సినవన్నీ సర్ది, మీ సెంటర్ లోగో పెట్టి, పెన్‌డ్రైవ్ 300 రూపాయలకు స్కూళ్ళకు ఇస్తే కేసు అవుతుందా, కొన్నవాళ్ళు ఇంకొకరికి కాపీ చేసి ఇవ్వకుండా ఆపొచ్చా అని అడిగారు. నేను లాయర్ని కాదు. ఒంగోలు కర్నూలు రోడ్డులో ఐదేళ్ళు ఇదే పని చేశాను కాబట్టి మాకు ఎదురైనవి చెప్తాను.

అమ్మడానికి భయపడొద్దు. జీపీఎల్‌లో (ఉబుంటులోని చాలా సాఫ్ట్‌వేర్‌కు ఉన్న లైసెన్స్) డబ్బు తీసుకోకూడదని ఎక్కడా లేదు. ‘కాపీ చేయరాదు’ అని కవర్ మీద వేయడం మాత్రం కుదరదు, ఎందుకంటే మీకు ఏ హక్కులు వచ్చాయో కొన్నవాళ్ళకూ అవే దక్కాలి, మధ్యలో మీరు కొత్త షరతు పెట్టకూడదు. మీ లోగో, మీ సెంటర్ పేరు మీవి, అవి వేరొకరు వాడకుండా ఆపొచ్చు. అంతే.

అసలు చిక్కు సోర్స్ (ప్రోగ్రామర్లు రాసిన మూల కోడ్) దగ్గర. మేం డెబియన్ (ఉబుంటుకు ఆధారమైన మరో లైనక్స్) తీసుకున్నాం. ఒక స్కూల్లో ల్యాప్‌టాప్‌లకు వైఫై రావడం లేదని కెర్నల్లో (సిస్టమ్‌కు గుండెలాంటి ప్రోగ్రామ్) చిన్న ప్యాచ్ (కోడ్‌లో మార్పు) వేసి, 40 మెషీన్లకు ఎక్కించి ఇచ్చేశాం. ఎనిమిది నెలలయ్యాక అక్కడి కంప్యూటర్ సారు తెల్లకాగితం మీద నీట్‌గా రాసి పంపారు: మీరిచ్చిన కెర్నల్ సోర్స్ కావాలి, పెద్ద తరగతి పిల్లలకు చూపించాలి అని. ఆయన అడిగింది న్యాయమే, అది ఆయన హక్కు. కానీ ఆ ప్యాచ్ ఉన్న హార్డ్‌డిస్క్ అప్పటికే పోయింది. డెబియన్ పాత ప్యాకేజీలు తేదీలవారీగా వాళ్ళ స్నాప్‌షాట్ సైట్లో ఉంటాయి కాబట్టి అసలు సోర్స్ దొరికింది, మేం వేసిన ప్యాచ్ అక్కడెందుకుంటుంది? మూడు రాత్రులు షాపులో ఉన్న డిస్కులన్నీ ఒక్కొక్కటే తగిలించి వెతికితే, చివరికి మా తమ్ముడి పాత ల్యాప్‌టాప్ డౌన్‌లోడ్స్‌లో ‘వైఫై ఫైనల్ 2’ అనే పేరుతో దొరికింది. మొత్తం 11 లైన్లు. ఆ మూడు రోజులు పడిన టెన్షన్ ఇప్పటికీ గుర్తుంది, ఎందుకంటే అది దొరక్కపోతే మేం ఆ 40 మెషీన్లు ఇచ్చిందే తప్పవుతుంది.

లైనక్స్ కెర్నల్‌ది జీపీఎల్ రెండో వెర్షన్, 1991 నాటిది. దాని ప్రకారం బైనరీ (కంప్యూటర్ నేరుగా నడిపే రూపం) ఇచ్చేటప్పుడు సోర్స్ కూడా దాంతోపాటే ఇవ్వాలి, లేదంటే ‘అడిగినవాళ్ళకు ఇస్తాం’ అని కనీసం మూడేళ్ళు చెల్లేలా రాసివ్వాలి. మనకు సాఫ్ట్‌వేర్ ఇచ్చినవాళ్ళు రాసిచ్చిన హామీనే మనం చూపించి సరిపెట్టే దారి కూడా ఒకటుంది గానీ అది వ్యాపారం చేయనివాళ్ళకే. అందుకే డబ్బు తీసుకునే మీరు ‘సోర్స్ ఉబుంటు సైట్లో ఉంది, చూసుకోండి’ అంటే చాలదు. షరతు తప్పితే ఆ వెర్షన్‌లో అనుమతి దానంతటదే రద్దవుతుంది, ఆ తర్వాత పంచే ప్రతి కాపీ మన 1957 కాపీరైట్ చట్టం కిందికి వస్తుంది. తెలిసి చేస్తే 63వ సెక్షన్లో జైలు కూడా ఉంది. కాగితం మీది లైసెన్స్‌ను ఎవరు పట్టించుకుంటారు అనుకోవద్దు, జర్మనీలో మ్యూనిక్ కోర్టు 2004లోనే జీపీఎల్ చెల్లుతుందని చెప్పింది.

ఇక పేరు. ‘ఉబుంటు కావలి’ లాంటిది వద్దు. ఉబుంటు అనేది కెనానికల్ కంపెనీ ట్రేడ్‌మార్క్. మార్చిన వెర్షన్‌ను ఆ పేరుతో పంచాలంటే వాళ్ళ అనుమతి కావాలి, లేదంటే పేర్లు, లోగోలు తీసేసి, సోర్స్ నుంచి బైనరీలు మళ్ళీ కంపైల్ చేసుకోవాలని వాళ్ళ పాలసీలోనే ఉంది. చిన్న షాపుకు అది చాలా పెద్ద పని. అందుకే నా సలహా, డెబియన్ మీద చేసుకోండి, సొంత పేరు పెట్టి కింద ‘డెబియన్ ఆధారంగా’ అని రాసుకోండి, దానికి అభ్యంతరం లేదు. ఈ పేర్ల గొడవ డెబియన్ వాళ్ళకు కూడా వచ్చింది, మార్చిన ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్‌ను ఆ పేరుతో ఇవ్వకూడదని మొజిల్లా అనడంతో 2006 నుంచి 2016 దాకా దాన్ని ఐస్‌వీజల్ అనే పేరుతో ఇచ్చారు.

మీ లిస్టులో క్రోమ్, మైక్రోసాఫ్ట్ ఫాంట్లు, అను ఫాంట్లు ఉన్నాయి. మూడూ తీసేయండి, అవి స్వేచ్ఛగా పంచుకునే లైసెన్స్‌తో వచ్చినవి కావు. క్రోమ్ బదులు దాని ఓపెన్ సోర్స్ రూపం క్రోమియం పెట్టండి. డీటీపీ వాళ్ళు అను లేకపోతే ఒప్పుకోరని నాకు తెలుసు, కానీ అది కొన్నవాళ్ళు తమ లైసెన్స్‌తో వేసుకోవాల్సిందే, మీ ఐఎస్ఓలో (పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించే మొత్తం సిస్టమ్ ఫైల్) ఉండకూడదు. తెలుగుకు రామభద్ర, మండలి, గిడుగు, సూరన్న ఫాంట్లున్నాయి, ఓపెన్ ఫాంట్ లైసెన్స్‌తో వచ్చినవే. సాఫ్ట్‌వేర్‌తో కలిపి అమ్మొచ్చు, ఫాంట్‌ను ఒక్కదాన్నే విడిగా అమ్మకూడదు, లైసెన్స్ ఫైల్ పక్కనే ఉంచాలి. అక్షరాల రూపం చూసినా అవి దేనికీ తీసిపోవు, ఒకసారి ప్రింట్ తీసి చూడండి.

ఐఎస్ఓ తయారుచేసిన రోజే అందులోని ప్రతి ప్యాకేజీ సోర్స్, మీ ప్యాచ్‌లు, బిల్డ్ స్క్రిప్టులు ఒక ఫోల్డర్లో పెట్టి అదే తేదీ వేయండి, రెండు చోట్ల దాచండి. మేం ఆ తర్వాత 64 జీబీ పెన్‌డ్రైవ్ తీసుకుని సోర్స్ కూడా అందులోనే వేసి ఇచ్చాం, ఖర్చు కాస్త పెరిగినా మూడేళ్ళ హామీ తలనొప్పి లేదు. కవర్ మీద ఇలా ప్రింట్ చేయించాం: ‘ఇందులోని సాఫ్ట్‌వేర్‌ను వాటి లైసెన్స్‌ల ప్రకారం మీరు కాపీ చేసుకోవచ్చు, మార్చుకోవచ్చు, ఇంకొకరికి ఇవ్వవచ్చు. సోర్స్ ఇదే డ్రైవ్‌లో ఉంది.’