లైబ్రరీలో కూర్చునే అమ్మాయికి లా చదువు

ప్రశ్న: మాది కావలి. అమ్మాయి బి.ఏ. చివరి సంవత్సరం. పొద్దస్తమానం గ్రంథాలయంలోనే ఉంటుంది. వాళ్ల నాయనమ్మ పొలం అడంగల్‌లో పేరు తప్పు పడితే, అక్కడే చదువుకుని తహసీల్దారు ఆఫీసుకు సమాచార హక్కు దరఖాస్తు రాసింది. ఇప్పుడు లా చదువుతానంటోంది. మా ఇంటావంటా కోర్టు మొహం చూసినవాళ్లు లేరు. ఏం చేయమంటారు?

జవాబు: అయ్యా, చదివించండి. ఏ కాగితం ఏ ఆఫీసులో ఉంటుందో కనుక్కుని, రాతపూర్వకంగా అడగడం మీ అమ్మాయికి అప్పుడే పట్టుబడింది. సమాచార హక్కు దరఖాస్తుకు మండల ఆఫీసులో 5 రూపాయల రుసుము, జవాబివ్వడానికి వాళ్లకు 30 రోజుల గడువు. ఈ సంగతి తెలియక నెలల తరబడి తిరిగేవాళ్లను నేను రోజూ చూస్తున్నాను.

ఒక్క జాగ్రత్త మాత్రం చెప్పండి. చట్టం పుస్తకం తీయగానే ముందు అచ్చయిన సంవత్సరం చూడాలి. 2024 జూలై 1 నుంచి ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చింది. బీరువాలోని పాత పుస్తకంలో మోసానికి 420 సెక్షన్ అని ఉంటుంది, ఇప్పుడది 318(4). పుస్తకంలో చదివింది ఇండియా కోడ్ వెబ్‌సైట్‌లో సరిచూసుకోవాలి, అక్కడ కేంద్ర చట్టాలన్నీ ఉచితంగా దొరుకుతాయి. శాఖా గ్రంథాలయంలో లేని పుస్తకాల కోసం నెల్లూరులో జిల్లా కేంద్ర గ్రంథాలయం ఉంది. మొహమాటపడాల్సిన పని లేదు, ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సుగా మీరే కడుతున్నారు.

డిగ్రీ అయ్యాక లాసెట్ (లా ప్రవేశ పరీక్ష) రాస్తే మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ. నెల్లూరులోనే వి.ఆర్. లా కాలేజీ ఉంది. కానీ ముందు అమ్మాయిని ఒక మాట అడగండి: సమాచారం వెతికిపెట్టడం ఇష్టమా, దాన్ని పట్టుకుని ఒకరి తరఫున వాదించడం ఇష్టమా? మొదటిదైతే ఏడాది బి.ఎల్.ఐ.ఎస్సీ. (గ్రంథాలయ శాస్త్రం డిగ్రీ) మంచిది, ఇగ్నోలో దూరవిద్యగానూ చేయొచ్చు. లైబ్రేరియన్ పుస్తకం చూపిస్తాడు, కేసు మీద సలహా చెప్పడు. ఆ గీత దాటాలనిపించే పిల్ల అయితే లాయరే కావాలి.

తేల్చుకోలేకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో పారా లీగల్ వాలంటీర్లను (న్యాయ సహాయంలో జనానికి తోడ్పడే కార్యకర్తలను) ఎప్పుడు తీసుకుంటారో కనుక్కోమనండి. దానికి లా డిగ్రీ అక్కర్లేదు. ఆడవాళ్లకు ఆదాయంతో నిమిత్తం లేకుండా అక్కడ ఉచిత న్యాయ సహాయం ఉంది, కాబట్టి నాయనమ్మ పేరు సరిచేయడం కోర్టు దాకా వెళ్తే మీకూ ఆ గుమ్మమే.