పెట్టె ఎక్కడుంది?

అమ్మాయీ,

గ్రీకు చరిత్రనీ గ్రీకు ఫుట్‌బాల్‌నీ కలిపి నువ్వు రాసిన వ్యాసం చేరింది. ముప్పై నాలుగు పేజీలూ చదివాను, కొన్ని రెండేసి సార్లు. మొదటి పేజీలోనే "డేలోస్ లీగే ప్రపంచంలో తొలి సూపర్ లీగ్" అన్న వాక్యం తగిలింది. కింద గీత గీసి మరీ పంపావు. చదవగానే ఒళ్లు మండి, కాగితాలు బల్ల మీద పడేసి కాఫీ పెట్టుకోవడానికి లేచాను. రెండు రోజులు మళ్లీ ముట్టుకోలేదు. ఈ ఉత్తరం ఆ ఒక్క వాక్యం పుణ్యమే అనుకో.

ఆ రెండు లీగులకూ చుట్టరికం ఇంగ్లీషులో మాత్రమే ఉంది. క్రీ.పూ. 478లో ఏథెన్స్ ముందుండి కట్టిన కూటమికి 'డేలోస్ లీగ్' అన్నది ఈ కాలపు చరిత్రకారులు పెట్టిన పేరు. ఆనాటి వాళ్లు 'ఏథెన్స్ వాళ్లూ వాళ్ల మిత్రులూ' అనేవారు, అంతే. గ్రీకులో దాన్ని సిమ్మఖియా అంటారు. కలిసి యుద్ధం చేయడం అని అర్థం. పారసీకుల మీదికి కలిసి వెళ్లడానికి చేతులు కలిపారు. ఫుట్‌బాల్ లీగ్‌లో వారం వారం తన్నుకునేది లోపలివాళ్లే. ఇంగ్లీషువాడి నోట్లో రెండింటికీ ఒకటే మాట దొరికిందని నువ్వు తెలుగులో వంతెన కట్టేస్తే ఎలా? గ్రీసులో పెద్ద డివిజన్‌కి 2006 నుంచి 'సూపర్ లీగ్' అన్న పేరుంది, నిజమే. అదీ వాళ్లకు అరువు మాటే.

మూడో పేజీ కూడా కొట్టేయి. ఏథెన్స్ జాతీయ పురావస్తు మ్యూజియంలో తొడ మీద బంతి నిలబెడుతున్న మనిషి శిల్పం ఉంది, నేనూ ఫొటో చూశాను. అంత మాత్రాన ఫుట్‌బాల్ గ్రీకులదే అనేస్తే, వేమన పద్యంలో ఉప్పుంది కాబట్టి ఉప్పు మనమే కనిపెట్టామన్నట్టుంటుంది.

పోలికలు వద్దనడం లేదు. మాటల మీద కట్టకు అంటున్నాను. నలభై ఏళ్లుగా నేను అందరికీ చెప్పి తిట్లు తింటున్నది ఒకటే: కూటమి గురించి రాసేవాళ్లు ముందుగా డబ్బుపెట్టె ఎవరింట్లో ఉందో చూడాలి. ప్రమాణాలు, జెండాలు, నినాదాలు ఆ తర్వాత. నీ వ్యాసంలో ప్రమాణం ఉంది. ఇనుప ముద్దలు సముద్రంలో పడేసి, ఇవి తేలేదాకా మన స్నేహం చెడదన్నట్టు ఒట్టేసుకున్న ఘట్టాన్ని ఒకటిన్నర పేజీ వర్ణించావు. పెట్టె గురించి ఒక్క వాక్యం. 'ఖజానాను క్రీ.పూ. 454లో ఏథెన్స్‌కు తరలించారు.' ఎవరు తరలించారు? ఏం సాకు చెప్పారు? మిగతావాళ్లు ఏం చేస్తున్నారు?

మొదట్లో ఆ పెట్టె డేలోస్ దీవిలో, అపోలో గుడి అండన ఉండేది. ఎవరెంత ఇవ్వాలో ఏథెన్స్ నాయకుడు అరిస్టైడిస్ లెక్కగట్టాడు. మొదటి మొత్తం 460 తలాంతులని గ్రీకు చరిత్రకారుడు థుసిడిడిస్ రాశాడు. (తలాంతు అంటే వెండిని తూచే పెద్ద కొలత, తెలుగు బైబిలు చదివినవాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు.) కొన్ని ఊళ్లు ఓడలు ఇవ్వాలి, కొన్ని డబ్బు. అసలు కథ ఇక్కడుంది. ఏళ్ల తరబడి యుద్ధాలకు పోవడం విసుగొచ్చి, ఓడలిచ్చే ఊళ్లు కూడా ఒక్కొక్కటే 'డబ్బిచ్చేస్తాం, మమ్మల్ని వదిలేయండి' అన్నాయి. ఆ డబ్బుతో ఏథెన్స్ తన ఓడలు కట్టుకుంది. తర్వాత ఎవరైనా ఎదురు తిరుగుదామనుకుంటే చేతిలో ఓడా లేదు, యుద్ధం చేసిన అలవాటూ లేదు. తమ మీదికి వచ్చే ఓడల ఖర్చు తామే కట్టారన్నమాట.

పెట్టె ఏథెన్స్ చేరాక అందులోంచి అరవయ్యో వంతు ఎథీనా దేవికి ముడుపు. ఏ ఊరి పేరున ఎంత ముడుపో పాలరాతి మీద చెక్కించారు. ఆ మొదటి రాయి మనిషికి దాదాపు రెట్టింపు ఎత్తు. ముక్కలై దొరికితే అతికించి ఏథెన్స్ శాసనాల మ్యూజియంలో నిలబెట్టారు. ఊరి పేరు పక్కన 100 ద్రాక్మాలని ఉంటే ఆ ఊరు ఆ ఏడు ఒక తలాంతు, అంటే 6000 ద్రాక్మాలు కట్టినట్టు. అరవైతో గుణించుకుంటూ పోతే ఒక సామ్రాజ్యం జమాఖర్చు బయటపడుతుంది. వసంతంలో డయోనిసస్ దేవుడి ఉత్సవానికి ఊళ్లన్నీ ఆ డబ్బు తెచ్చి అప్పజెప్పేవి. మిగులు డబ్బును నాటకశాలలో, అదే మిత్రులు కూర్చుని చూస్తుండగా, తలాంతుల లెక్కన మోసుకొచ్చి చూపించేవారట. మన పెళ్లిళ్లలో మైకు పెట్టి చదివింపులు చదివినట్టు. కాకపోతే ఇక్కడ చదివింపు ఇచ్చినవాడికి భోజనం ఉండదు. ఇలాంటిది చేతిలో పెట్టుకుని నువ్వు సూపర్ లీగ్ అంటూ కూర్చున్నావు!

ఈ పెట్టె పిచ్చి నాకు పుస్తకాల వల్ల పట్టలేదు. ఎనభైల్లో నలుగురు మిత్రులం కలిసి ఒక చిన్న పత్రిక పెట్టాం. తలా రెండు వందలు వేసుకున్నాం, చందాలు పోగుచేశాం. ముగ్గురివి అద్దె గదులు, తాళం సరిగ్గా పడేది కాదు. నాలుగోవాడికి సొంత ఇల్లు, ఇనప బీరువా. 'దొంగల భయం' అని రేకుపెట్టె వాడింట్లో పెట్టాం. మూడో సంచికలో మొదటి పేజీ వాడి కవిత. ఐదో సంచికలో వాడి బావమరిది కథ. ఏడో సంచికలో నా కథ తిరిగొచ్చింది, నా పత్రిక నుంచే! లెక్క చూపించమంటే 'నెలనెలా పత్రిక వస్తోందిగా, నీకెందుకు?' అన్నాడు. పదేళ్ల తర్వాత లైబ్రరీలో ప్లూటార్క్ రాసిన, ఏథెన్స్ నాయకుడు పెరిక్లిస్ చరిత్ర చదువుతుంటే అదే జవాబు కనిపించింది. మిత్రుల డబ్బుతో ఏథెన్స్‌కు గుళ్లూ విగ్రహాలూ దిగేసి ముస్తాబు చేస్తున్నావని ప్రత్యర్థులు నిలదీస్తే, పారసీకుల్ని దూరంగా ఉంచుతున్నంత కాలం మనం లెక్క చెప్పనక్కర్లేదు అన్నాడట పెరిక్లిస్. వాళ్లు గుర్రం ఇవ్వలేదు, ఓడ ఇవ్వలేదు, డబ్బొక్కటే ఇచ్చారుగా అని కూడా అన్నాడు. గట్టిగా నవ్వేశాను. లైబ్రేరియన్ బయటికి పొమ్మంది. పెట్టెను తరలించడానికి ఏథెన్స్ చెప్పిన సాకు కూడా భయమే, పారసీకుల భయం.

ఇప్పుడు నీ ఫుట్‌బాల్‌కి వస్తాను. నిజంగా కూటమి అనదగ్గది గ్రీకు ఫుట్‌బాల్‌లో ఒకటుంది. నువ్వు దాన్ని ఫుట్‌నోట్‌లో తోసేశావు. 1927లో పానథినైకోస్, ఒలింపియాకోస్, ఏఈకే అనే మూడు క్లబ్బులూ గ్రీకు ఫుట్‌బాల్ ఫెడరేషన్‌తో పేచీ పెట్టుకుని బయటికొచ్చి 'పోక్' పేరుతో జట్టుకట్టాయి. ఆ ఫెడరేషన్ పుట్టి అప్పటికి ఏడాదే. 1928 ఛాంపియన్‌షిప్‌కి ముగ్గురూ రాలేదు, తమలో తాము ఆడుకున్నారు. ఆ ఏడు టైటిల్ థెస్సలోనికి జట్టు అరీస్ ఎగరేసుకుపోయింది. తర్వాత రాజీపడ్డారు. చూడు, ఒకడు రాజధాని వాడు, ఒకడు రేవు పట్నం పిరేయస్ వాడు, ఒకడు కాన్‌స్టాంటినోపుల్ (ఇప్పటి ఇస్తాంబుల్) నుంచి వచ్చిన కాందిశీకుడు. ఒకరి నీడ ఒకరికి గిట్టని ముగ్గురు ఏ లెక్క దగ్గర ఒకటయ్యారు? టికెట్ గేటు దగ్గర ఎవరు కూర్చునేవారు? ఆ వసూళ్లు ఏ సంచిలో ఏ ఇంటికి పోయేవి? ఇది పట్టుకుంటే నీ వ్యాసానికి వెన్నెముక వస్తుంది. పోక్‌లో అక్షరాలు మూడు జట్ల పేర్ల నుంచి తీసుకున్నవని చెబుతారు. ఏఈకే వంతుకు వచ్చిన 'క' అక్షరం కాన్‌స్టాంటినోపుల్‌ది. పోగొట్టుకున్న ఊరి అక్షరం.

2024 మే 29 రాత్రిని నువ్వు అసలు తలుచుకోనే లేదు. ఒక గ్రీకు క్లబ్బు యూరప్ స్థాయి కప్పు (అది కాన్ఫరెన్స్ లీగ్) గెలవడం అదే మొదటిసారి. గెలిచింది ఒలింపియాకోస్, ఇటలీ క్లబ్బు ఫియొరెంటినా మీద, అదనపు సమయంలో, 116వ నిమిషంలో ఎల్ కాబీ గోల్‌తో. ఆడింది ఎక్కడ? ఏఈకే వాళ్ల కొత్త స్టేడియంలో. యూరప్ వాళ్లు ఫైనల్ వేదిక ముందే ఖాయం చేస్తారు కాబట్టి అలా కుదిరింది. ఆ స్టేడియం పేరు హగియా సోఫియా, అంటే ఇస్తాంబుల్‌లో ఉండిపోయిన గుడి పేరు. తొంభై ఏడేళ్ల కిందటి జోడీదారుడి ఇంట్లో పెళ్లి చేసుకుపోయాడు పిరేయస్ వాడు.

2004లో గ్రీసు దేశం జట్టు యూరో కప్పు గెలిచిన సంగతి మీద పదకొండు పేజీలు రాశావు. అందులో హెర్క్యులీస్ ఎన్నిసార్లు వచ్చాడో లెక్కపెట్టాను: తొమ్మిది. తెలుగువాడికి గ్రీకు అనగానే పక్కన వీరుడు వచ్చి నిలబడతాడు, ఆ జబ్బు నీకు కూడా అంటిందా? ఆ రాత్రి నేను ఒక పేపర్ డెస్కు మీద ఉన్నాను. లిస్బన్‌లో ఫైనల్ మన టైముకి 12.15కి మొదలైంది. పోర్చుగల్ గెలుస్తుందని పేజీ ముందే పెట్టేశారు, ఫోటోతో సహా. ఒకటిన్నర కావస్తుండగా బసీనాస్ కార్నర్ కొట్టాడు, ఖరిస్టియాస్ తలతో లోపలికి నెట్టాడు. డెస్కులో ఒక్కసారిగా టెన్షన్. నేను గబగబా మూడు వందల మాటలు రాశాను. క్వార్టర్ ఫైనల్, సెమీస్, ఫైనల్ మూడూ 1-0. మూడు గోల్స్ హెడర్లే. మూడింటిలోనూ గోల్ ఇవ్వలేదు. అంతకుముందు పెద్ద టోర్నీలో ఒక్క మ్యాచ్ కూడా గెలవని దేశం. 'కదలని గోడ' అని హెడ్డింగ్ పెట్టాను. మా ఇన్‌చార్జి దాన్ని కొట్టేసి 'గ్రీకు వీరులు' అని పెట్టి, గోడ గురించి రాసిన పేరా తీసేసి ఆ జాగాలో ఒలింపస్ దేవతల్ని కూర్చోబెట్టాడు. పొద్దున చదివినవాళ్లంతా ఆయన్ని మెచ్చుకున్నారు. ఇరవై ఏళ్లయింది, నా కోపం మాత్రం దిగలేదు.

ఆ జట్టులో నాకు నచ్చిందేమిటంటే, కెప్టెన్ జగోరాకిస్ ఏఈకే వాడు, అంతకుముందు థెస్సలోనికి క్లబ్బు పావోక్ వాడు. బసీనాస్ పానథినైకోస్ వాడు. గోలీ నికోపోలిడిస్ అదే వేసవిలో పానథినైకోస్ వదిలి ఒలింపియాకోస్‌కు పోతున్నాడు. వీళ్లందరి మీద కోచ్ జర్మన్ ఓటో రెహాగెల్. ఏ క్లబ్బుకూ చుట్టం కాడు, ఎవరి పంచనా కూర్చోనక్కర్లేదు. 2001లో వచ్చిన కొత్తలో తొలి మ్యాచే ఫిన్లాండ్ చేతిలో 5-1తో పోయింది. అయినా ఆయన్ని ఉంచారు. పెట్టె తాళం బయటివాడికి ఇచ్చి చూశారన్నమాట. నువ్వు ఇది రాస్తావని పదకొండు పేజీలూ ఎదురుచూశాను.

ఇరవై రెండో పేజీ గురించి చెప్పకపోతే పాపం. థెస్సలోనికిలో నువ్వు ఆరు నెలలు అద్దెకున్న ఇంటావిడ. ఆట ఎప్పుడూ చూడదు, పావోక్ ఓడిన మర్నాడు మాత్రం బకెట్లతో నీళ్లు పోసి బాల్కనీ కడుగుతుంది. బాగుంది. చాలా బాగుంది. పావోక్ చిహ్నంలో రెండు తలల గద్ద రెక్కలు ముడుచుకుని ఉంటుంది, ఏఈకే గద్ద రెక్కలు విప్పి ఉంటుంది. ముడుచుకున్నది దుఃఖానికని వాళ్లు చెప్పుకుంటారు. నువ్వు ఆ సంగతి విడిగా వివరించకుండా బకెట్ పక్కన వదిలేశావు. అలాగే ఉంచు.

ఒక తప్పు మాత్రం దిద్దు. ఆవిడ తల్లిని కాన్‌స్టాంటినోపుల్ నుంచి గ్రీసు, టర్కీల మధ్య 1923 ఒప్పందం కింద జనాల మార్పిడిలో పంపేశారని రాశావు. ఆ ఒప్పందం కింద దాదాపు పన్నెండు లక్షల మంది క్రైస్తవులు ఇటు, నాలుగు లక్షల మంది ముస్లింలు అటు ఊళ్లు వదిలి పోవలసొచ్చింది, భాష కాదు మతం చూసి. కానీ ఆ నగరంలో స్థిరపడ్డ గ్రీకులకు అందులో మినహాయింపు ఉంది. ఉండొచ్చన్నా చాలామంది భయంతో ఓడెక్కారు. వాళ్లలో కొందరు 1924లో ఏథెన్స్‌లో ఏఈకే పెట్టారు, 1926లో థెస్సలోనికిలో పావోక్. అయితే ఈవిడ తల్లి ఎందుకు వచ్చింది? ఎవరు తెచ్చారు? నువ్వు అడగలేదు. హాల్లో చెప్పుల స్టాండు పక్కన ఒక పాత ట్రంకుపెట్టె ఉందని, దాని మీద కూర్చుని బూట్ల లేసులు కట్టుకునేదాన్నని రాసి వెళ్లిపోయావు. ఆరు నెలలు దాని మీద కూర్చున్నావు తల్లీ!

కలం పేరు గురించి అడిగావు. మీ అమ్మానాన్నలు పెట్టిన పేరు బాగానే ఉంది. మిగతా ప్రశ్నలకు ఇంకోసారి.

ఆవిడ నంబరు నీ దగ్గరుంటే ఫోన్ చెయ్యి. గ్రీసు మనకంటే వెనకుంటుంది, టైము చూసుకుని చెయ్యి. కొత్త ప్రతి ఇరవై రెండో పేజీతో మొదలుపెట్టి పంపు. ప్రింటు ఒకవైపే తీయించు, రెండోవైపు నేను రాసుకోవాలి.

ఆశీస్సులతో,
మీ మాస్టారు